కరెంటు పోయాక మిగిలిన కథ

ఇంతవరకు ఎవరితోనూ అనని మాట ఒకటుంది. సీరియల్ మంచి పట్టులో ఉన్నప్పుడు కరెంటు పోయి, అందరూ అయ్యో అని లేచిపోతుంటే, నాకు మాత్రం లోలోపల సంతోషంగా ఉంటుంది. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఈ సంగతి అందులో కూడా ఎక్కించలేదు. రాస్తే కారణమూ రాయాలి, ఆ కారణం ఒక పేజీలో ఇమిడేది కాదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం కడపలో నేను అద్దెకున్న ఇంట్లో, ఆరిన బట్టలు మడత పెట్టుకుంటూ టీవీ పెట్టాను. పాత సీరియల్ ఒకటి మళ్లీ వేస్తున్నారు. మన వయసు వాళ్లకు అలాంటివి గుర్తుండే ఉంటాయి: వారానికొక వింత కేసు, దాని చిక్కు విప్పే ఒక సైంటిస్టమ్మ, ఆమె చెప్పేది ఒక పట్టాన నమ్మని పోలీసు అధికారి. వేరే భాషలో తీసి తెలుగులోకి మార్చింది కాబట్టి పెదాలు ఆగిపోయిన తరువాత కూడా మాట వినిపిస్తూనే ఉండేది. తెరమీద మంచుకొండ, దాని మీద వాతావరణం కొలిచే చిన్న కట్టడం కనబడగానే నా చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. ఆ కథ ముగింపు నేను ఎప్పుడూ చూడలేదు.

ఇంటర్ పూర్తయిన ఆ ఎండాకాలం మేము డోన్‌లో ఉండేవాళ్లం. నాయనకు బజారులో కిరాణా అంగడి, ఆదివారం మధ్యాహ్నం దాటితే మూసేసేవాడు. ఆయన తల్లి, మా జేజి, మాతోనే ఉండేది. ఆ నెలలోనే జేజికి కర్నూలులో కంటి శుక్లం ఆపరేషన్ అయింది. కంటిమీద పచ్చగుడ్డ వేలాడగట్టి, కొన్నాళ్లు టీవీ వైపు తలే తిప్పవద్దని డాక్టరు చెప్పి పంపాడు. పొయ్యి దగ్గరికి పోవద్దన్నా, తలకు నీళ్లు పోసుకోవద్దన్నా ఆమె ఒప్పుకుంది గానీ ఈ సీరియల్ మాత్రం వదలనన్నది. అందుకని ఒక ఏర్పాటు జరిగింది. జేజి గోడవైపు ముఖం పెట్టి చాపమీద కూర్చునేది, నేను ఆమె పక్కన కూర్చుని తెరమీద ఏమేమి కనబడుతుందో చెవిలో చెప్పేదాన్ని. మాటలు ఎట్లాగూ ఆమెకు వినబడతాయి, కనబడేవే నా వంతు.

చూడని మనిషికి చెప్పడం ఎంత పనో అప్పుడే తెలిసింది. తలుపు తెరుచుకుందంటే సరిపోదు, కిర్రుమనే పాత తలుపా, కొత్తదా అని అడుగుతుంది. అన్నం తింటున్నారంటే కంచంలో ఏముందంటుంది. అందరూ భయపెట్టే చోట్లు చూస్తుంటే నేను కంచాలు, చెప్పులు, గోడమీది కొక్కేలు చూడడం నేర్చుకున్నాను. ఇంట్లో పెదవి కదిపితే ముత్యాలు రాలతాయేమో అని అమ్మ ఎగతాళి చేసే నాకు, ఆ చెవి ఒక్కటి దొరికింది. గుసగుసగా ఎంతసేపైనా చెప్పగలిగేదాన్ని.

కానీ చెవిలో చెబితే కాలేజీలో సీటు రాదు. ఆ వారంలోనే నాయన నన్ను కర్నూలు తీసుకెళ్లాడు, డిగ్రీలో చేర్చి హాస్టల్లో పెట్టాలని. అక్కడ ఒక మేడమ్ కళ్లజోడు పైకి తోసుకుని నీ పేరేమిటమ్మా, ఏ గ్రూపు కావాలని అడిగితే నేను ఓణీ కొంగు చివర చూస్తూ నిలబడ్డాను. ఆమె మళ్లీ అడిగింది. చివరికి నాయనే అన్నిటికీ జవాబు చెప్పాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఆయన అమ్మతో అన్న మాటలు వంటింట్లో ఉన్న నాకు బాగా వినబడ్డాయి.

"జరమొచ్చినా నోరిప్పి చెప్పని పిల్ల. ఆడ హాస్టల్లో ఎవురు కనుక్కుంటారు? ఈడనే ఇంట్లో ఉండి పరీక్షలు ప్రైవేటుగా కట్టుకోనీ."

కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది. చేరడానికి సోమవారం ఆఖరు. శనివారమంతా నేను చదివిన పుస్తకమే మళ్లీ చదువుతూ గడిపాను.

ఆదివారం సాయంత్రం ఎప్పటిలాగే పక్కింటి చాచీ తన కుట్టుపని తెచ్చుకుని వచ్చింది. అమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాయన వెనక పడక కుర్చీలో, ముఖం మీద తువ్వాలు వేసుకుని పడుకున్నాడు. ఆ వారం వచ్చింది ఈ మంచుకొండ కథే. కొండమీద పనిచేసే కొద్దిమంది ప్రతిపూటా భోజనం చేసి లేచాక చూస్తే, ఉన్నవాళ్లకంటే ఒక కంచం ఎక్కువగా ఎంగిలై ఉంటుంది. ఎవరిదో తెలియదు. అందరూ ఒకరినొకరు అనుమానించుకుంటారు. చివరికి సైంటిస్టమ్మ లాంతరు పట్టుకుని సామాను గది తలుపు మీద చెయ్యి వేసింది. కరెంటు పోయింది.

చాచీ సూది గుచ్చి పక్కన పెట్టి, "ఇప్పుడే పోవల్లనా ముదనష్టపు కరెంటు. ఆ సబ్‌స్టేషన్ వానికి సీరియల్ నచ్చదేమో" అన్నది. అమ్మ లేచి విసనకర్ర తెచ్చి చాచీకిచ్చి, మళ్లీ చిక్కుడుకాయలు ముందేసుకుంది.

"ఏం మే, నువ్వెందుకు నిలిపినావు?" అన్నది జేజి గోడకు ముఖం పెట్టుకునే.

"కరెంటు పోయింది జేజీ."

"టీవీకి పోయింది. నీకేం పోలేదు గదా, చెప్పు. ఆ తలుపెనక ఎవురుండారు?"

నాకు తెలుసు. అంటే, తెలుసనుకున్నాను. చెవిలోకి వంగబోతే ఆమె తల పక్కకు తీసుకుంది. "చాచీ గూడ ఇనల్ల. గట్టిగ చెప్పు" అన్నది.

మొదటి మాట ఎట్లా బయటపడిందో గుర్తులేదు. ఆ ఎక్కువ కంచంలో ప్రతిసారీ బఠాణీలు ఏరి అంచున పెట్టి ఉన్నాయని, వాళ్లలో అందరికంటే చిన్నదైన పిల్ల కూడా బఠాణీలు అట్లే ఏరి పెడుతుందని, కాబట్టి రెండు కంచాలూ ఆ పిల్లవేనని చెప్పాను. ఒకతి ఈరోజుది, ఇంకొకతి రాబోయే రోజుల నుంచి వెనక్కి వచ్చింది, కొండ విరిగి మంచు పడబోతోందని వీళ్లను హెచ్చరించడానికి.

"అట్లెట్ల బేటీ, అది దయ్యమే" అన్నది చాచీ.

"దయ్యానికి ఆకలెందుకైతాది చాచీ? చలికోటు గూడ ఒకటెక్కువ, తడిసి కొక్కేనికి యాలాడతాండె, నువ్వు చూసినావా?"

చాచీ నవ్వి ఓడిపోయానన్నట్టు చేతులెత్తింది. నేను ఆగలేదు. వెనక నుంచి ఎవరో, మరి మంచు పడతాదని ఆ పిల్లకు ముందే తెలిసి ఉంటే అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగారు. ఎవరు అడిగారో కూడా చూడకుండా, "చెప్పింది. మెల్లగ మాట్లాడ్తాదని ఎవురూ ఇనలేదు. అందుకే మళ్లా రావల్సొచ్చె" అన్నాను.

చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే నాయన తువ్వాలు ఒళ్లో పెట్టుకుని లేచి కూర్చుని ఉన్నాడు. జేజి మాత్రం గోడతో చెప్పినట్టుగా, "ఇంటివా పాప మాట?" అన్నది. అది నాకు కాదు, ఆమె కొడుక్కి.

కరెంటు వచ్చేసరికి సీరియల్ అయిపోయి సబ్బు ప్రకటన వస్తోంది. తెల్లవారి నాయన అంగడి తాళాలు గుమాస్తాకు ఇచ్చి నన్ను కర్నూలు బస్సు ఎక్కించాడు. ఆ మేడమ్ గది దాకా వచ్చి, తను గుమ్మం బయటే నిలబడి, "నువ్వే పోయి చెప్పుకో పాపా" అన్నాడు. చెప్పుకున్నాను. పేరూ, కావాల్సిన గ్రూపూ, హాస్టల్ సంగతీ అన్నీ.

ఇన్నేళ్లకు ఆ తలుపు తెరుచుకోవడం చూశాను. సామాను గదిలో దాక్కున్నవాడు ఒక గూఢచారి, నెరిసిన గడ్డంతో, పరికరాలు దొంగిలించడానికి వచ్చాడట. బఠాణీల సంగతి ఎవరూ ఎత్తనే లేదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఆవేళ కరెంటు మరి కాసేపు ఉండి ఉంటే అందరం ఆ గడ్డంవాణ్ణి చూసి లేచిపోయేవాళ్లం, నేను నోరు తెరిచే పనే పడేది కాదు. ఇప్పుడు జూనియర్ కాలేజీలో నిండు క్లాసు ముందు నిలబడి భౌతికశాస్త్రం చెబుతున్నాను, వెనక బెంచీ దాకా వినబడేలా.

ఇప్పుడు డోన్‌లో మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, బొమ్మ మధ్యలో ఆగదు. చాచీ వాళ్లింట్లో వాళ్ల టీవీ వాళ్లకుంది. చూసినదాన్ని చూడనివాళ్లకు చెప్పే అవసరం ఎవరికీ రావడం లేదు, తరువాత ఏమవుతుందో నువ్వు చెప్పు అని అడిగేవాళ్లూ లేరు. సౌకర్యంగానే ఉంది, కాదనను. కానీ ఒకరు చెబుతుంటే గదిలో అందరూ ఊపిరి బిగబట్టి వినడం అనే ఆ భాగ్యం, మన తరం ఆఖరుసారి చూసిందేమో అనిపిస్తుంది.

జేజి నా డిగ్రీ రెండో ఏట పోయింది. అంతకు ముందు ఆదివారం హాస్టల్ ఎదుటి ఎస్టీడీ బూత్ నుంచి అంగడికి ఫోన్ చేస్తే, నాయన ఆమెను పిలిపించి రిసీవరు చేతికిచ్చాడు. నేను మా వార్డెను గురించి, సెమినార్లో నేను మాట్లాడిన సంగతి గురించి, కొత్త స్నేహితురాళ్ల గురించి ఊపిరి తిప్పుకోకుండా చెబుతూ పోయాను. అంతా విని, అటువైపు నుంచి జేజి అన్నది:

"శానా మాట్లాడ్తాండావులే గానీ, అన్నం తింటివా లేదా, అది చెప్పు ముందు."