వెనక చక్రానికి నల్ల గడ్డం

హరాటా అత్త మా ఊరి మరాయే, అంటే మా జనం ఉమ్మడి సభామందిరం, వ్యాను నడుపుతుంది. కిడ్నీలు పాడైన ముగ్గురు ముసలివాళ్ళను రోజు విడిచి రోజు పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, రక్తం శుభ్రం చేయించి, మళ్ళీ ఇళ్ళకు చేర్చడం ఆమె పని. వాళ్ళను ఎక్కించడానికి, దించడానికి నేనూ వెంట వెళతాను. మా తీరానికి బస్సు రాదు. వ్యాను ఆగిపోతే ఆ ముగ్గురూ పట్నంలో గది తీసుకుని బతకాలి. ఆ ముగ్గురిలో ఒకడైన ఎరుయేరా తాత ఆ మాట ఎత్తనివ్వడు. "పట్నం గదిలో గోడ చూస్తూ బతకను. చచ్చేదేదో ఇక్కడే చస్తా," అన్నాడు. ఆయన సంగతి తెలిసినవాళ్ళెవరూ అది బెదిరింపు అనుకోలేదు.

అలాంటి వ్యానుకే జబ్బు చేసింది. తారు రోడ్డు మీద బాగా పోతూ ఉండగా స్పీడోమీటర్ ముల్లు సున్నాకి పడిపోయేది. ఆ వెంటనే గేరు మారడం మానేసేది. ఇంజన్ గోల పెట్టేది, బండి మాత్రం నత్తలా పాకేది.

"ఏమే హరాటా, దిగి నడవమంటావా? ముందే చేరతాను," అనేవాడు తాత వెనక సీట్లోంచి.

"నీ మోకాళ్ళు చూసి మాట్లాడు బాబాయ్. బయలుదేరేముందు చేసిన ప్రార్థనలో నువ్వు మధ్యలో కునుకు తీశావు. అందుకే ఇలా అయింది."

"కళ్ళు మూసుకోకుండా ప్రార్థన చేస్తారా ఎవరైనా?"

పట్నంలో క్లైవ్ అనే మెకానిక్ ఉన్నాడు. ఫిట్‌నెస్ తనిఖీ చేసేదీ అతనే. వెనక చక్రం దగ్గర వేగం కొలిచే సెన్సర్‌ని చూడకుండానే చెత్తలో పడేసి కొత్తది పెట్టాడు, వారం బాగుంది. మళ్ళీ అదే రోగం. మళ్ళీ అలాగే ఇంకో కొత్తది పెట్టాడు. అదీ వారమే. తనిఖీ గడువు దగ్గర పడింది.

"ముల్లు లేవని బండికి సంతకం పెట్టను అత్తా," అన్నాడు. మేం పిలవడం విని విని అతనికీ ఆమె అత్తే అయిపోయింది. "నా కన్నతల్లి బండి అయినా పెట్టను."

"మీ అమ్మ సైకిలు తొక్కుతుంది. ఎవరికి చెబుతావు?"

"సముద్రంలోకి దింపావా? నిజం చెప్పు."

"ఒట్టు. ఒడ్డున ఇసుక మీదే పోతా గానీ అల తగలనివ్వను. ఇంటికి రాగానే కింద మంచినీళ్ళు కొట్టి కడుగుతా."

అది నిజమే. మా దగ్గర అందరూ అంతే. ఉప్పు ఇనుమును తినేస్తుందని సాయంత్రం కాగానే ప్రతి ఇంటి ముందూ బండి కింద గొట్టంతో నీళ్ళు కొడుతూ కనిపిస్తారు. ఇసుకకి మాత్రం ఎవరూ భయపడరు.

క్లైవ్ తల గోక్కుని బండిని పైకెత్తాడు. ఒక్క బోల్టు విప్పి సెన్సర్‌ని బయటికి లాగాడు. వేలెడు ముక్క. దాని మొనకి నల్లటి గడ్డం వేలాడుతోంది. గుబురుగా, మెత్తగా, ఎలుక తోకంత.

అత్త వంగి దాన్ని వేలితో తాకి చూసింది. తర్వాత నవ్వింది. ఎంత నవ్విందంటే గోడకి ఆనుకోవాల్సి వచ్చింది.

"ఇది మా ఇసుకరా! చిన్నప్పుడు అయస్కాంతానికి దారం కట్టి ఒడ్డున ఈడ్చుకుంటూ తిరిగేవాళ్ళం. ఇట్లాగే గడ్డం మొలిచేది. ఎవరి గడ్డం పొడుగైతే వాళ్ళు గెలిచినట్టు."

మా తీరం ఇసుక నల్లగా ఉంటుంది. సగం ఇనుమే. ఈ ముక్క లోపలేమో అయస్కాంతం. నీళ్ళు కొడితే ఉప్పు పోతుంది గానీ, అయస్కాంతం పట్టుకున్న ఇనుము పోతుందా?

"అసలు ఇదేం చేస్తుంది?" అని అడిగాను. అయస్కాంతమూ తీగచుట్టా కాలేజీలో బోర్డు మీద చూసి ఆవలించి బయటికొచ్చేసినవాణ్ణి. అక్కడ మాత్రం ఆవలింత రాలేదు.

చక్రంతో పాటు తిరిగే పళ్ళ రింగు చూపించాడు క్లైవ్. సెన్సర్ మొన దాన్ని తాకదు, వెంట్రుకంత ఎడంలో ఉంటుంది. పన్ను ఎదురుగా వచ్చినప్పుడు అయస్కాంతం లాగుడు ఒకలా, సందు వచ్చినప్పుడు ఇంకొకలా మారుతుంది. మారినప్పుడల్లా లోపలి తీగచుట్టలో కరెంటు ఒకసారి వణుకుతుంది. ఇంజన్ కంప్యూటరు ఆ వణుకుల్ని లెక్కపెడుతుంది. దానికి కళ్ళు లేవు, రోడ్డు ఎలా ఉంటుందో తెలీదు. చీకట్లో కూర్చుని, చక్రం నుంచి వచ్చే ఈ నాడి పట్టుకునే గేరు ఎప్పుడు మార్చాలో, పెడల్ మీంచి కాలు తీసినప్పుడు పెట్రోలు ఎప్పుడు ఆపాలో తేల్చుకుంటుంది. గడ్డం పెరిగితే పన్నుకీ సందుకీ తేడా తెలీదు. నాడి అందదు. బండి పరుగెడుతున్నా అది మాత్రం ఆగిపోయిందనే అనుకుంటుంది.

మేమందరం ఆ బండిలో కూర్చునే ఉన్నాం, ఒక్కరోజూ దాని నాడి వినలేదు.

"మరి ఒడ్డున ఎందుకు నడుపుతావు, కంకర రోడ్డు ఉందిగా?" అన్నాడు క్లైవ్.

అత్త నవ్వు ఆగింది. "రక్తం తీసే సూదులు గుచ్చిన చెయ్యి బాబాయ్‌ది. కంకర మీద ఎగిరితే పళ్ళు బిగించి కూర్చుంటాడు. తడి ఇసుక మీద అయితే పట్టు మీద పోయినట్టు ఉంటుంది. సముద్రం చూస్తూ పోతాడు. మానమనకు."

క్లైవ్ మానమనలేదు. మొన తుడిచి బిగించి, అత్తను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాడు. నేను వెనక కూర్చున్నాను. ముల్లు వణికింది, లేచింది, బండితో పాటు మెల్లగా ఎక్కుతూ పోయింది. గేరు మారినట్టు కూడా తెలియలేదు. వచ్చి సంతకం పెట్టాడు. బదులుగా అత్త పొగబెట్టిన చేప ఒకటి అతని బెంచీ మీద పెట్టింది.

ఆ తర్వాతి ప్రయాణంలో, ఇసుక అయిపోయి తారు మొదలయ్యే చోట అత్త బండి ఆపింది. గోనెపట్టా పరుచుకుని కిందికి దూరింది. బోల్టు విప్పింది. గడ్డాన్ని గుడ్డతో తుడిస్తే పూర్తిగా రాదు, అందుకని వేయించే రొట్టెలకి కలిపిన పిండిలోంచి ఒక ముద్ద దాచి తెచ్చింది. మొనకి అద్ది లాగితే ఇసుకంతా ముద్దకి వచ్చేసింది.

"ఆ రొట్టె నాకేనా?" అన్నాడు తాత కిటికీలోంచి.

"నీకు ఉప్పు వద్దన్నారు, ఇనుము వద్దనలేదుగా! తిను."

"ఇటివ్వు దాన్ని."

ఆ చిన్న సెన్సర్ ముక్కని తాత బాగున్న చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. జోకు వేస్తాడేమో అని చూశాం. వెయ్యలేదు. తన చెప్పుకి అంటిన ఇసుక దగ్గరికి మొన తీసుకెళ్ళాడు. రవ్వలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

"మనం పోతున్నామని బండికి చెప్పేది ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"అయితే శుభ్రంగా తుడువు తల్లీ," అని జాగ్రత్తగా రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.