తలుపు వెనక ఎర్ర గీతలు

సైదాబీకి లెక్కలు రావని ఎవరన్నా అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే! బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. అయితేనేం, చిలకలూరిపేట హైవే పక్క నూలుమిల్లులో చేరిన రోజు నుంచీ, డ్యూటీ చేసిన ప్రతిరోజుకూ ఇంట్లో తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీత గీసుకుంటూ వచ్చింది. రంజాన్‌కి ముందు సున్నం కొట్టేటప్పుడు కూడా ఆ గీతలు ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు.

అంతకుముందు ఇరవై ఏళ్లూ పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల్లో, మిరప తోటల్లో రోజుకూలీయే. పనికి వెళ్లకపోతే కూలి లేదు, అంతే. జీతంతో సెలవన్న మాట ఈ మిల్లుకొచ్చాకే విన్నది. చేరింది రెండు వేల ఇరవై రెండు జనవరి ఒకటిన. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర తెగిన దారాలు అతకడం ఆమె పని. దారం తెగడం ఆలస్యం, చెయ్యి అక్కడుండేది. నోరు అంతకన్నా ముందే ఉండేది.

మరుసటేడు ఫిబ్రవరిలో ఆమెకి సెలవు అవసరం పడింది. కొత్తపట్నంలో ఎండుచేపలు అమ్ముకునే అక్క చాంద్‌బీకి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒంటరి మనిషి. మందు చుక్కలు వేసే మనిషి తోడుంటే తప్ప ఆపరేషన్ చెయ్యనని ఒంగోలు డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. అప్పటికే రెండుసార్లు తేదీ తప్పిపోయింది. ఈసారి మార్చి ఆరున, సోమవారం. "నేనొస్తా ఆపా, నువ్వు దిగులు పడమాక" అని సైదాబీ ఫోన్లో గట్టిగా మాటిచ్చేసింది.

మాటివ్వడం తేలికే. కాగితం పట్టుకుని టైమాఫీసుకి వెళ్తే గుమాస్తా అంకమ్మరావు కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"పోయినేడు రెండొందల నలభై రోజులుంటేనే ఈ ఏడు సెలవమ్మా. మీకు రెండొందల ఇరవై ఆరే ఉన్నాయి. చికున్‌గున్యా వచ్చి రెండు నెలలు మంచాన పడ్డారుగా?"

పద్నాలుగు రోజులు! సైదాబీ గోడ మీద పోయినేటివి రెండొందల నలభై మూడు గీతలున్నాయి. కానీ అందులో పదిహేడు బొగ్గువి కావు, జాజుతో గీసిన ఎర్రవి. వాటి సంగతి నోరెత్తకూడదని మిల్లు ఆడవాళ్లందరూ ఒట్టు పెట్టుకున్నారు.

జరిగిందేమిటంటే, పోయినేడు మార్చిలో పత్తి ధర కొండెక్కితే మిల్లు పదిహేడు రోజులు ఆగిపోయింది. ఆ రోజుల్లో వీళ్లు పొద్దున్నే గేటు దాకా వచ్చి, పని లేదన్న బోర్డు చూసుకుని, అటునుంచి అటే ఆటో ఎక్కి మిరపకోతలకి పోయారు. "మిల్లు మనిషి వేరే పనికి పోయిందని తెలిస్తే పేరు కొట్టేస్తారే! నోళ్లు కుట్టుకోండి" అని తోటి కార్మికురాలు లాల్‌బీ అందరినీ బెదిరించి పెట్టింది.

అందుకే సైదాబీ కాగితం మడిచి వెనక్కి తిరగబోయింది. మూడోసారి కూడా వాయిదా అంటే అక్క మళ్లీ ఒంగోలు గడప తొక్కదు. ఆ సంగతి తలుచుకునేసరికి భయం కాస్తా కోపమైపోయింది.

"పేరు కొట్టేస్తే కొట్టేయండి! మీరు మిల్లు ఆపిన పదిహేడు రోజులూ నేను మిరపకోతకి పోయా. పొద్దున్నే గేటు దగ్గరికొచ్చే పోయా. తలుపు మూసింది మీరు, నేను గాదు!"

అంకమ్మరావు గబగబా పాత నోటీసుల ఫైలు తీసి, వేళ్ల మీద లెక్కపెట్టి, నుదురు కొట్టుకున్నాడు.

"నా మతి మండ! మిషన్లో పడిన హాజరే చూశానమ్మా. మిల్లే పని ఆపిన లేఆఫ్ రోజులు కూడా ఆ రెండొందల నలభైలో కలపాలి. ఆ రోజుల్లో మీరు మిరపకాయలే కోశారో, సినిమాకే పోయారో, దీనికి సంబంధం లేదు."

"అయితే వచ్చినట్టేనా?"

"వచ్చినట్టే. కాకపోతే సెలవు మాత్రం పనిచేసిన రోజులకే, ఇరవైకి ఒకటి. రెండొందల ఇరవై ఆరుకి పదకొండు. మధ్యలో ఆదివారం పడితే అది లెక్కలోకి రాదు."

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో సైదాబీ లాల్‌బీని పట్టుకుని దులిపేసింది. "నీ ఒట్టు తగలెయ్య! ఇంకాస్తయితే మా ఆపా కళ్లు పోయేవి గదే!" షిఫ్టు దిగేసరికి టైమాఫీసు ముందు ఆడవాళ్ల వరస గేటు దాకా సాగింది. అందరూ ఒకే మాట: "నేనూ మిరపకోతకి పోయానండీ!" అంకమ్మరావు రెండు టీలు తాగి మరీ రాసుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు పొద్దున డాక్టరు చాంద్‌బీ కంటి కట్టు విప్పాడు. ఆమె కన్ను చికిలించి, ఎదురుగా ఉన్న చెల్లెల్ని ఎగాదిగా చూసింది.

"ఏందే సైదా, ఇంత ముసలిదానివయ్యావేందే? ఎప్పుడూ పొద్దునొచ్చి మాపటికి పరిగెత్తేదానివి, నేను చూసుకోనేలేదు."

సైదాబీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. మందు సీసా మూత తీస్తూ అక్క గడ్డం పైకెత్తింది.

"ఇప్పుడు చూసుకో ఆపా. ఇంకా పది రోజులున్నా."