కోత పండుగలో సునీత పెట్ట

కోవిడ్ తగ్గిన ఏడాది జూన్‌లో నన్ను పుంగనూరు దగ్గరి ఒక క్రైస్తవ బాలల గృహానికి కౌన్సిలరుగా వేశారు. రిటైర్ కాకముందు అదే నా చివరి పోస్టింగు. గృహానికి పెద్ద సూపరింటెండెంటు. ఆయన పాస్టరు కూడా కావడంతో అందరూ అయ్యగారనేవారు. పిల్లల మనసు సంగతి చూడడం నా వంతు. ఒక్కొక్కరికీ సంరక్షణ ప్రణాళిక రాసి, మూడు నెలలకోసారి సరిచూడాలి.

తొమ్మిదేళ్ల సునీత తల్లి పోయాక మాట మానేసింది. గదిలో కూర్చోబెట్టి బొమ్మలు గీయించే మా విద్యలేవీ ఆమె దగ్గర పారలేదు. గృహానికి పొలం ఉంది కనుక, ఒక కోడిపిల్లను ఆమెకు అప్పగించమని ప్రణాళికలో రాశాను. అక్టోబరులో వేరుశనగ పీకే నాటికి అది పెట్టయింది. సునీత చేలో రాలిన కాయలు ఏరి, వలిచి దానికి వేస్తూ, "ఈడికి రా, ఆడేముండాది?" అని కసురుకునేది. ఆ కసురు విని నాకెంత సంతోషమైందో చెప్పలేను. కొన్నాళ్లకు నాతోనూ మాట్లాడసాగింది.

నవంబరులో కోత పండుగ వచ్చింది. ఆ రోజు పంటలో, పెంపకంలో మేలైనది చర్చిలో అర్పిస్తారు. ప్రార్థన అయ్యాక వేలం వేసి, వచ్చింది చర్చికి జమ చేస్తారు. ఎవరూ అడక్కుండానే సునీత పెట్టను చంకలో పెట్టుకుని ముందుకు నడిచింది. అయ్యగారు ఆ పిల్ల త్యాగాన్ని మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. చిత్తూరు నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఒకాయన వేలంలో పాడుకుని, పెట్టను కారులో తీసుకువెళ్లారు.

సాయంత్రం సునీత గూటి దగ్గర నిలబడి, "నా పెట్ట యాడుండాది మేడం? ప్రార్థన చేసి మళ్లా నాకే ఇస్తారనుకుంటి," అంది. ఆమెకది మొదటి పండుగ. వేలమంటే ఏమిటో మాలో ఒక్కరమూ చెప్పలేదు. అయ్యగారు వెంటనే ఫోన్ చేశారు. అప్పటికే కూర అయిపోయింది. "ముందే చెప్పింటే ఆడనే ఇచ్చేసేవాణ్ణి గదా అయ్యగారూ," అని కాంట్రాక్టరు నొచ్చుకున్నారు. మర్నాడు రెండు పెట్టలు పంపారు.

సునీత వాటికి రోజూ గింజలు వేసింది, నీళ్లు పెట్టింది. వాటితో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకని అడిగితే, "అవి హోమువి కదా మేడం," అంది. ఆ తర్వాత నాతోనూ అవసరానికి మించి మాట్లాడింది లేదు. వేసవిలో జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో గూడూరులోని పిన్నమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పిల్లలు పెంచినవి వేలానికి పెట్టకూడదని మేము నియమం పెట్టుకున్నాం. ఏమీ మిగలని పిల్ల ఏదైనా ఇస్తానని ముందుకొస్తే, మెచ్చుకునే ముందు రెండు సంగతులు చెప్పాలి. ఇస్తే అది తిరిగి రాదని ఒకటి, ఇవ్వకపోయినా తప్పు లేదని ఇంకొకటి.