సైన్యం వెనక పులిహోర బండి

ఒక్క తుపాకీ పేలకుండా ఒక సైన్యాన్ని మొత్తం ఓడించిన మొనగాణ్ణి ఎప్పుడైనా చూశారా? నేనే. కాకపోతే ఓడింది మా సైన్యమే!

అప్పట్లో అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పక్కింటి డేవ్‌కి ఒకటే పిచ్చి. ఏటా వేసవిలో అమెరికా అంతర్యుద్ధాన్ని నాటకంలా మళ్ళీ ఆడే జట్టులో అతను నీలం కోటు సిపాయి. ఆ ఏడు మొదటిసారి కెప్టెన్ అయ్యాడు. వాళ్ళమ్మ ఒహాయో నుంచి చూడ్డానికి వస్తోంది.

"ప్రతి ఏడూ ఎదుటి పక్షం బూడిదరంగు కోట్లవాళ్ళు మా సామాన్ల బండి కొట్టేస్తున్నారు ప్రసాద్. బండి గుట్ట మీదికి చేరితే మేం గెలిచినట్టే. అమ్మ ముందు పరువు దక్కాలి. తోలేవాడే దొరకట్లేదు," అన్నాడు.

"బండి తోలడం మా రక్తంలోనే ఉంది," అనేశాను. నిజానికి మా తాత రైల్వేలో గుమాస్తా. డేవ్ ఆనందంతో నన్ను వాటేసుకున్నాడు.

"సైనికులకి ఏం పెడతారట?" అంది మా ఆవిడ సుగుణ.

"రాయిలాంటి బిస్కెట్లు, ఉడకేసిన చిక్కుడు గింజలు."

"ఉప్పూ కారం లేకుండానా? అందుకే కాబోలు అంతలా కొట్టుకు చచ్చారు!" అని, తెల్లారేసరికి రెండు పెద్ద గిన్నెల నిండా పులిహోర కలిపింది. గోనెపట్టా కప్పి బండిలో పీపాల మధ్య దాచేశాం.

జూలై ఎండ. ఒంటి మీద ఉన్ని కోటు. ముందు సైన్యం, వెనక రెండు కంచరగాడిదల బండి మీద నేను. "హై, హై!" అని అదిలించాను. అమెరికా గాడిదలు, వింటాయా? వాగు దగ్గర నీళ్ళు తాగి అక్కడే మొండికేశాయి. ఈలోగా సైన్యం గుట్టెక్కి కనబడకుండా పోయింది.

అంతలో చెట్ల చాటు నుంచి ఓ పాతికమంది దిగారు. ఎండకి కోట్లు విప్పేసి, లోపలి అస్తరు పైకి వచ్చేలా చుట్టి చంకన పెట్టుకున్నారు. అందరివీ చెమటకి తడిసిన తెల్ల చొక్కాలే, అందరివీ చీపురుకట్ట గడ్డాలే. డేవ్ సాయం పంపాడు కాబోలు అనుకున్నాను.

"సర్, బండిలో ఏముంది?" అన్నాడు పెద్ద గడ్డం.

"అది తర్వాత. భోంచేశారా?"

"లేదు సర్. పొద్దుట్నుంచీ బిస్కెట్లే."

"అయ్యో రామా! కూర్చోండి, కూర్చోండి!"

మీరే చెప్పండి, ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ వడ్డించిన చెయ్యి ఊరుకుంటుందా? గడ్డి మీద వరసగా కూర్చోబెట్టి బంతి వేశాను. "చాలు సర్" అని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి వడ్డించాను. ఒకడు ఎండుమిరపకాయ కొరికి బావురుమన్నాడు. ఆ యుద్ధంలో గాయపడింది వాడొక్కడే.

"మొహమాటపడకండి. గుట్ట మీద మన కెప్టెన్ డేవ్‌కి ఇంకో గిన్నె ఉందిలే," అన్నాను.

నమలడం ఆగిపోయింది. పెద్ద గడ్డం మూతి తుడుచుకుని, చంకలో కోటు దులిపి తొడుక్కున్నాడు. బూడిదరంగు!

"సర్, చెప్పడానికి చాలా బాధగా ఉంది. మీరిప్పుడు మా ఖైదీ."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా పాడు నోరు ఊరుకోదే! "సరే గానీ, ఇంకో గరిటె వెయ్యనా?"

"వెయ్యండి," అన్నాడు.

డేవ్ సైన్యంతో సహా గుట్ట దిగి పరుగెత్తుకొచ్చేసరికి రెండో గిన్నె మూత తీసేశాం.

"ప్రసాద్! బండి ఏమైంది?"

"పోయింది డేవ్."

"మరి తిండి?"

"అదీ పోతోంది."

నీలం సిపాయిల ముక్కులకి ఇంగువ వాసన తగిలింది. "కెప్టెన్, లొంగిపోతే మాకూ పెడతారా?" అన్నాడొకడు. "ఖైదీలని పస్తుంచుతామా!" అన్నాడు పెద్ద గడ్డం. అంతే! తుపాకులు గడ్డిలో పడ్డాయి, సిపాయిలు బంతిలో కూర్చున్నారు. కత్తి దూసిన డేవ్ ఒక్కడే మిగిలాడు. వెనకే వాళ్ళమ్మ వచ్చి, పళ్ళెం అందుకుని, "డేవీ, ఆ కత్తి పక్కన పెట్టి అన్నం తిను," అంది.

డేవ్ నన్ను కొరికేసేలా చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, చిట్టచివర కూలబడ్డాడు. అప్పటికి గిన్నె అడుగున నాలుగు పల్లీలు, ఒక కరివేపాకు రెబ్బ ఉన్నాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. పాపం డేవ్‌కి వడ్డించేవాడు మనవాడే. బంతే శత్రువులది!

ఆ కరివేపాకు సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో, ఎంత ఆకలి మొహాలు కనబడినా సరే, కోటు రంగు చూడందే ఏ సైన్యానికీ మొదటి గరిటె వెయ్యను. రెండో గరిటె సంగతి మాత్రం నా చేతుల్లో లేదు.