పొయ్యి దగ్గర చదివిన పాఠం

నా భార్య పోయి నేటికి పదిహేను రోజులు. ఆ రోజు పొద్దున్నే లేచి చోడంబలి కాచింది. నాకు పోసింది, తాను తాగలేదు. పది గంటలకు ఆయాసం ఎక్కువైంది. నేను కాలేజీకి వెళ్లలేదు. రాజాం నుంచి డాక్టరు వచ్చేసరికి మూడయింది. దీపాలు పెట్టే వేళకు ఆమె లేదు.

ఆమె నా మేనమామ కూతురు. పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచేది. చదువు ఐదో తరగతితో ఆగింది. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. ఈ మధ్య పాఠాలు తెలుగులో రాయవలసి వచ్చింది. రాసిన ప్రతి పాఠమూ ముందు పొయ్యి దగ్గర కూర్చుని ఆమెకు చదివేవాణ్ణి. అర్థం కాకపోతే ఊదుగొట్టంతో నేలమీద రెండుసార్లు కొట్టేది. ఆ వాక్యం తీసేసి మళ్లీ రాసేవాణ్ణి. నా పాఠాల్లో తేలికగా ఉన్నదంతా ఆమె చలవే.

ఆమెకు నేను చివరగా చదివింది పొగలేని తుపాకిమందు పాఠం. నూట ఇరవయ్యేళ్ల కిందట స్విట్జర్లాండులో ఒక ప్రొఫెసరు వంటింట్లో నత్రికామ్లం, గంధకామ్లం ఒలకబోశాడట. భార్య వంటకు కట్టుకునే నూలుగుడ్డతో తుడిచి, పొయ్యి దగ్గర ఆరేశాడట. గుడ్డ భగ్గుమని మాయమైంది. పొగ రాలేదు.

“ఆవిడ ఊరెల్లినప్పుడేటి?” అంది.

“అలాగే చెబుతారు.”

“మరే. ఇంట్లో ఉంటే వంటింట్లోకి రానిస్తాదేటి! వచ్చాక ఆవిడకి ఏటి సెప్పుకున్నాడో, అది రాయలేదేటి బావా?”

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు అప్పటికి మూడేళ్లుగా ఉంది.

మిగిలింది చదివాను. పాత మందు కాలంలో ఒక్క విడత కాల్పులకే యుద్ధభూమిని పొగ కమ్మేసేది. ఎదుటివాడు కనిపించేవాడు కాదు. ఆమ్లం పట్టిన నూలు మొదట్లో లొంగలేదు, ఫ్యాక్టరీలనే పేల్చింది. నలభై ఏళ్లకు ఫ్రాన్సులో దాన్ని ఈథరు, ఆల్కహాలు కలిపి ముద్దచేసి, రేకులుగా కోసి, నెమ్మదిగా కాలేట్టు చేశారు. కాల్చినవాడి జాడ పొగ చెప్పడం మానేసింది.

ఊదుగొట్టం చప్పుడు రాలేదు. పచ్చికర్ర అంటుకోక పొగ చిమ్ముతుంటే, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

“తుపాకీకి పొగ లేకండా సేసినోలు, పొయ్యికి సెయ్యలేకపోనారేటి బావా?”

చెయ్యగలరు. గోడకు కన్నం పెట్టి, పొయ్యి వెనక మట్టిగొట్టం నిలబెడితే చాలు. ఎలా కట్టాలో బొమ్మ గీసిన కాగితం బ్లాకు ఆఫీసువాళ్లు ఇచ్చి రెండేళ్లయింది. ఏ పుస్తకం చూసి ఆ పాఠం రాశానో, ఆ పుస్తకంలోనే దాన్ని పేజీ గుర్తుగా పెట్టుకున్నాను.

“సెలవుల్లో కడతాను” అన్నాను.

“కడుదువులే. ముందు పాఠం కానియ్యి.”

అంతకంటే గట్టిగా ఆమె నన్నెప్పుడూ ఏదీ అడగలేదు.

ఇప్పుడు ఆ పొయ్యి ముందు ఆమె తల్లి కూర్చుంటోంది. అదే ఊదుగొట్టం. అదే పొగ. నిన్నటి నుంచి దగ్గుతోంది.

రేపు పొద్దున్న, అత్త పొయ్యి అంటించకముందే, గునపం తీసుకుని ఆ గోడకు కన్నం పెడతాను.