కృష్ణ ఒడ్డున వేప రెమ్మ

తమ్ముడూ, నా రాత కోడిగీతల్లా ఉంటుంది, తప్పులు దిద్దుకుని చదువుకో.

నిన్న బావా నేనూ కృష్ణ వెంబడి నడిచి, పొద్దుగూకేసరికి దారి రెండుగా చీలే చోట సద్ది తిని పడుకున్నాం. పెద్దమ్మాయి కాన్పుకు అందాలంటే కొండ దారి కన్నా ఒడ్డు దారే దగ్గరనుకున్నాం. వెనక వచ్చేవాళ్లకు తెలియాలని, మేం వదిలేసిన కొండ దారికి అడ్డంగా వేప రెమ్మ వేసి రాయి పెట్టాను.

ఈ రోజు తెల్లారి లేచేసరికి ఆ రెమ్మా రాయీ ఒడ్డు దారికి అడ్డంగా ఉన్నాయి.

"ఏంది బావా, నువ్వు మార్చావా?"

"నాకేం పని! నిద్దట్లో నువ్వే లేచుంటావు."

"మరి ఈ తడి అడుగులు ఎవరియ్యి?"

అవి నీళ్ల వైపు నుంచి రెమ్మ దాకా వచ్చాయి. తిరిగి వెళ్లినవి లేవు. బావ నవ్వు ఆగిపోయింది.

సరే, రెమ్మ చెప్పినట్టే పోదామని కొండ దారి పట్టాం. పైకెక్కి చూస్తే, మేం పడుకున్న చోటికి కాస్త దూరంలోనే ఒడ్డు దారి నీళ్లలోకి దిగిపోయింది. కొత్తగా కడుతున్న డ్యాం నీళ్లు ఆ ఒడ్డున ఉన్న ఊరినీ మింగేశాయి.

మధ్యాహ్నానికి చేరాం. మనవరాలు పుట్టింది. బావ మాత్రం కాళ్లు కడుక్కోవడానికి కూడా ఏటికి రానంటున్నాడు.

ఆ మునిగిన ఊళ్లో తిరిగినవాడివి నువ్వే. బాటసారులకు దారి చూపేవాళ్లు అక్కడ ఎవరుండేవారు? వెంటనే జవాబు రాయి.