గుణుపూర్ పాసింజర్లో మడినీళ్ళు

విజయనగరంలో సంగీతం మేష్టారి భార్య లక్ష్మీకామేశ్వరిని వీధంతా కామేశ్వరమ్మగారనే పిలుస్తుంది. అరవై ఎనిమిదేళ్ళు నిండిన ఆవిడ ఈమధ్య పర్యావరణాన్ని కాపాడుతోంది. ఆ సంగతి ఆవిడకి కాస్త ఆలస్యంగా తెలిసింది, అదీ కోడలు చరిత చెప్తే.

నిజానికి ఆవిడ కాపాడుకుంటూ వచ్చింది మడిని. కాపరానికొచ్చింది మొదలు యాభై ఏళ్ళుగా ప్రయాణంలో పరాయి చెయ్యి తగిలిన నీళ్ళు ఆవిడ గొంతు దిగలేదు. బస్సెక్కినా రైలెక్కినా ఇత్తడి మరచెంబు ఒళ్ళో ఉండాల్సిందే. పులిహోర అరిటాకులో, ఆ పొట్లం ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో. తినేశాక ఆకు దారిలో కనిపించిన ఆవుకి. ఆవిడ మొగుడు అనంతకృష్ణ మేష్టారు మాత్రం కచేరీలకి తిరిగిన రోజుల్లో ఆగిన ప్రతి స్టేషన్లోనూ కాఫీ తాగిన మనిషి. చీపురుపల్లి కాఫీకీ పొందూరు కాఫీకీ తేడా ఇప్పటికీ చెప్పగలడు. "ఒక్క గుక్క తాగవే, ప్రాణం లేచొస్తుంది" అని బతిమాలితే ఆవిడ కిటికీ వైపు తిరిగి కూచునేది.

కిందటేడు నడుం నొప్పి పట్టుకుంది. నిండు చెంబు మొయ్యడం ఆవిడ వల్ల కాలేదు. అప్పుడే ఆవిడ దృష్టి రైళ్ళలో అమ్మే నీళ్ళ సీసా మీద పడింది. యంత్రం నింపింది, యంత్రమే మూత బిగించింది, మధ్యలో మనిషి చెయ్యెక్కడ తగిలిందని ఇంటి పురోహితుణ్ణి నిలదీసింది. ఆయన గడప గడపకీ తిరిగే మనిషి, ఎండన పడి ఎన్ని సీసాలు ఖాళీ చేశాడో ఆయనకే తెలుసు. కాసేపు కళ్ళు మూసుకుని, "సీలు ఊడదీసేదాకా శుద్ధమేనమ్మా" అని తేల్చాడు. కామేశ్వరమ్మ గుండె మీద బరువు దిగింది. మరచెంబుని అటకెక్కించేద్దామని నిశ్చయించుకుంది. శ్రీకూర్మం వెళ్ళొస్తే ఆ చెంబుకి అదే ఆఖరి ప్రయాణం అనుకుంది.

అదే కొంప ముంచింది. శ్రీకూర్మం వెళ్ళే బస్సులో చరిత ఫోను తీసి అత్తగారిని వీడియో పట్టింది. చరిత కాలేజీ లెక్చరరు, పిల్లలకి ప్లాస్టిక్ వద్దని చెప్పే కమిటీకి పెద్ద. "బయట నీళ్ళు ఎందుకు తాగరు అత్తయ్యగారూ?" అనడిగింది.

"ఛీ, ఎవరి చెయ్యి పడిందో ఏమిటో" అంది కామేశ్వరమ్మ.

చరిత తెలివైన పిల్ల. 'ఛీ' దగ్గర కత్తిరించి, పక్కనే ఖాళీ సీసాల కుప్ప బొమ్మ ఒకటి అతికించి, 'ప్లాస్టిక్ అంటని మామ్మ' అని పేరు పెట్టి వదిలింది. వారం తిరక్కుండా ఎనభైవేల మంది చూశారు. నెల్లిమర్ల నుంచి ఎవరో జనపనారతో అల్లిన సంచీ కానుక పంపారు. రాజాంలో శాలువా కప్పారు, ఆ శాలువా ప్లాస్టిక్ కవర్లోంచి తీసి కప్పారనుకోండి, అది వేరే సంగతి. కామేశ్వరమ్మకి ఇదంతా నచ్చలేదంటే అబద్ధం. యాభై ఏళ్ళు చాదస్తం అని వెక్కిరించిన చుట్టాలే ఇప్పుడు ఫోన్లు చేసి మీరు ముందుచూపున్నవారు వదినా అంటుంటే ఎవరికి చేదు? కాకపోతే సీసా నీళ్ళు తాగే యోగం పోయింది. నడుం విరుగుతున్నా మరచెంబు మొయ్యక తప్పింది కాదు.

ఏప్రిల్లో పాతపట్నం కాలేజీ వాళ్ళు 'ప్లాస్టిక్ లేని ప్రయాణం' గురించి మాట్లాడమని పిలిచారు. అత్తాకోడళ్ళు గుణుపూర్ పాసింజరెక్కారు. మామ్మ దారంతా ఎలా వెళ్తుందో చూపించాలని చరిత సరదా. చెంబు మూత తిప్పి గ్లాసులోకి వంచుకు తాగమంది. మొదటిసారి ఎండ మొహమ్మీద పడి బాగా రాలేదంది. రెండోసారి జీడిపప్పు అమ్మేవాడు అడ్డొచ్చాడు. మూడోసారి చరిత వేలే అడ్డొచ్చింది. పులిహోర తిన్నాక చేతులు కడుక్కోవడం ఇంకో రెండుసార్లు. పొందూరు దాటేసరికి చెంబు బోర్లిస్తే చుక్క రాలలేదు. స్టేషను కుళాయి నీళ్ళు పడదామని చరిత అంటే, పదిమందీ మూతిపెట్టే కుళాయా అని ఆవిడ కసిరింది.

తిలారు దాటాక గూడ్సుబళ్ళకి దారిచ్చి పాసింజరు ఆగిపోయింది. గంటయినా కదల్లేదు. ఊరికే కూచోవడమెందుకని చరిత ఫోనులో లైవు పెట్టింది. పైన ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే. కామేశ్వరమ్మ నాలిక అంగిట్లో అంటుకుపోయింది, కళ్ళు తిరిగాయి. ఆ పెట్టెలోనే నీళ్ళ సీసాలవాడు నెత్తిన బకెట్టుతో వస్తున్నాడు. చల్లటివి, సీలువేసినవి, పురోహితుడి మాట ఉన్నవి. ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది.

"అత్తయ్యగారూ, వద్దు" అని గుసగుసలాడింది చరిత. "లైవులో ఉన్నాం. నాలుగొందలమంది చూస్తున్నారు."

చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి దిగింది. కట్టెయ్యవే ఆ ఫోను అందామనుకుంది. కానీ పాతపట్నంలో తన బొమ్మతో బేనరు కట్టి కూచున్నారు.

ఎదుటి బల్ల మీద శ్రీకాకుళం రోడ్డులో ఎక్కిన ఒక ముసలామె కూచునుంది. జగ్గమ్మట, కూతురింటికి టెక్కలి వెళ్తోంది. చోడంబలి పోసుకున్న గిన్నె, గుడ్డమూటలో ఉల్లిపాయ, పాలు పోసే స్టీలు క్యానులో నీళ్ళు. ఆవిడ సామానంతా వెతికినా ప్లాస్టిక్ అన్నది పిసరు కనబడదు. అయినా చరిత ఫోను ఒక్కసారీ అటు తిరగలేదు.

"ఏటమ్మా, దాహమేత్తన్నాదా?" అంది జగ్గమ్మ. "మా నూతి నీల్లున్నాయి. తాగుతారేటి మరి?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. కూరలో కారం తింటారా అన్నట్టు అడిగింది. సీసా తాగితే మడి ఉంటుంది, పేరు పోతుంది. క్యాను తాగితే పేరుంటుంది, మడి పోతుంది. ఇలాంటి ఇరకాటం ఏ పురోహితుడికీ తట్టి ఉండదు. కామేశ్వరమ్మ కోడలి ఫోను వంక ఒకసారి, సీసాలవాడి వీపు వంక ఒకసారి చూసి, తల ఊపింది. తన చెంబులోనో గ్లాసులోనో పోయించుకుంటే అవీ మైలపడతాయి. క్యాను మూతే గ్లాసులా ఉంది కదా, దానికోసం చెయ్యి చాపింది.

జగ్గమ్మ మూత ఇవ్వలేదు. లేచి నిలబడి క్యాను ఎత్తి పట్టుకుంది.

"దోసిలి పట్టండమ్మా. పైనుంచి పోత్తాను. నా గిన్ని మీకు అంటదు."

చరిత సంబరంగా దగ్గరికొచ్చింది. "అమ్మా, మీ చెయ్యి కొంచెం పక్కకి, ఆవిడ మొహం పడాలి" అంది. జగ్గమ్మ సర్దుకుని పక్కకి జరిగింది.

కామేశ్వరమ్మ వంగి దోసిలి పట్టింది. నీళ్ళు మణికట్ల మీంచి మోచేతుల్లోకి, రవికెలోకి కారాయి. సగం ముక్కులోకి పోయాయి. తన పెరటి గుమ్మంలో నిలబడి పాలమనిషికీ కట్టెలు కొట్టేవాడికీ ఆవిడ ఎన్ని వేసవులో ఇలాగే పోసింది. దాహం తీర్చిన పుణ్యం అనుకునేది. ఇలా తాగాలంటే నడుం వంచి, తల దించి, ఎవరి పాదాలనో చూస్తూ తాగాలని ఆవిడకి తెలీదు. సిగ్గేసింది. ఒళ్ళంతా సిగ్గేసింది.

"ఇంకా పొయ్యాలా?" అంది జగ్గమ్మ.

"మూతలో పొయ్యమ్మా" అంది కామేశ్వరమ్మ. "మూతితో తాగుతాను."

జగ్గమ్మ ఆవిడ వంక జాలిగా చూసింది. పెద్దవాళ్ళు దాహంలో ఏదో అంటారు, మనమే చూసుకోవాలి అన్నట్టు క్యాను గుండెలకి దగ్గరగా లాక్కుంది.

"వొద్దమ్మా. ఇంటికెల్లాక మల్లీ తలకి పోసుకోవాల మీరు. నడుం బాగోనట్టున్నాది, ఎందుకా అవస్త. పట్టండి."

ఫోనులో ఎర్ర గుండె గుర్తులు పైకి తేలుతున్నాయి. మామ్మ భలే అని ఎవరో రాశారు. కామేశ్వరమ్మ మళ్ళీ వంగి దోసిలి పట్టింది.